వంటింటి మాట కోసం వచ్చిన మనిషి

కోరుట్లలో ఆమె గురించి రెండు కథలు చెబుతారు. రెండూ అబద్ధాలే.

మొదటిది పేపరు కథ. ఆమె ఇక్కడ ఉన్న రోజుల్లో ఒక విలేకరి వచ్చి, గంగారాం అనే రైతు ఇంటి ముందు ఆమెను నిలబెట్టి ఫోటో తీసుకుని, తెలుగు తియ్యదనానికి ముగ్ధురాలై రష్యా నుంచి తరలివచ్చిన వనిత అని రాశాడు. ముగ్ధురాలూ లేదు, తియ్యదనమూ లేదు. మూడు నెలల్లో ఆమె నేర్చుకున్న తెలుగు మాటలు నాలుగే: నీళ్లు, చాయ్, బస్సు, చాలు. ఐదోది నేర్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. భాషను సగం నేర్చుకోవడం ఎవరింట్లోనో సగం అన్నం తిని లేచిపోవడం లాంటిదట, ఈ వయసులో పూర్తిగా తినే టైం తనకు లేదట. నేను ఆ విలేకరికి ఫోన్ చేసి, ఆ తియ్యదనం మాట ఆమె నీతో ఎప్పుడు అన్నదయ్యా అని అడిగాను. చదివేటోళ్లకు బాగుంటదని రాసిన మేడం, అన్నాడు.

రెండోది చాయ్ హోటలు కథ. ఆమె గంగారాం మస్కట్ పెండ్లామనీ, వదిలేసి వస్తే వెతుక్కుంటూ వచ్చిందనీ. అప్పుడు గంగారాంకు అరవై రెండు, ఆమెకు డెబ్బై నాలుగు. ఆమె మస్కట్‌లో ఉన్నది మొత్తం తొమ్మిది రోజులు, అదీ గంగారాం ఊరికి వచ్చేసిన తర్వాత. ఈ లెక్కలు చెప్పినా వాళ్లకు పట్టదు. నేను కనిపించగానే గొంతు తగ్గిస్తారు. తగ్గించకండి. ఆ మూడు నెలలూ ఆ ఇద్దరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనే.

పోయిన నెల ఆమె చనిపోయిందని మెయిల్ వచ్చింది. అందుకని ఇది రాస్తున్నాను. పేరు రాయను. ఆమె కూడా తన పేరు ఎక్కడా రాసుకునేది కాదు. రికార్డుల పెట్టెల మీద మాట్లాడినవాళ్ల పేరే రాసేది.

అసలు సంగతి ఇది. ఆమె బతుకంతా స్వాహిలి భాష మీద పనిచేసింది. తూర్పు ఆఫ్రికా తీరం పొడుగునా కోట్లమంది మాట్లాడే భాష అది. ఆమెకు ఆ కోట్లమంది అక్కర్లేదు. ఆ తీరం పక్కన ఒక చిన్న దీవిలో కొన్ని ఇళ్లవాళ్లు దాన్ని పాతగా, మోటుగా, మరో తీరులో మాట్లాడేవాళ్లట. అందులో కొన్ని అరబ్బు కుటుంబాలు ఎప్పుడో అక్కడి గొడవల్లో ఓడలెక్కి మస్కట్ చేరుకున్నాయి. అలా వచ్చిన ఒక ముసలావిడ ఇంట్లో మన జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలం గంగారాం పంతొమ్మిదేళ్లు వంట చేశాడు. ఆవిడకు అరబ్బీ నచ్చదు. కొడుకులు ఆఫీసుల్లో ఉంటారు, మనవలు ఇంగ్లీషులో ఉంటారు. వంటింట్లో ఆవిడ, గంగారాం. ఆవిడ తిట్టిన తిట్లూ, చెప్పిన వంటలూ, తన దీవి గురించి చెప్పుకున్న కబుర్లూ అన్నీ వచ్చి ఇతని నోట్లో చేరాయి. ఆవిడ పోయింది. గంగారాం ఊరికి వచ్చి పసుపు పంట వేసుకున్నాడు. దీవిలో ఆ మాట మాట్లాడేవాళ్లు అప్పటికే అయిపోయారు. రష్యా ఆమె మస్కట్ వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టేసరికి మనవరాలు చెప్పిందట, మా నానమ్మ మాట కావాలంటే మా వంటమనిషి దగ్గరికి పొండి, మాలో ఎవరికీ రాదు అని.

ఆమె వచ్చింది. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఇంగ్లీషులో పోట్లాడగలిగినదాన్ని నేనొక్కదాన్నేనని మా ప్రిన్సిపాల్ నన్ను ఆమెకు అప్పగించాడు. ఒంటరిదాన్ని, ఇంట్లో అడిగేవాళ్లు లేరని కూడా ఆయన లెక్క.

మొదటి పని జగిత్యాల పోలీసు ఆఫీసులో ఆమె కాగితాలు ఇవ్వడం. అక్కడ ఉన్న కానిస్టేబుల్ మర్యాదస్తుడే. ఫారం రెండుసార్లు చదివి, పెన్ను చెవిలో పెట్టుకుని నన్నడిగాడు.

"మేడం, ఈమెదేమో రష్యా. భాషేమో ఆఫ్రికాది. గది మాట్లాడేటాయనేమో ఇబ్రహీంపట్నపాయన. మీరేమో సిరిసిల్ల అంటున్నరు. గిదెట్ల కుదిరింది?"

ఏమన్నాడని ఆమె అడిగింది. చెప్పాను. మంచి ప్రశ్న వేశాడని తల ఊపి, జేబులోంచి కాగితం ముక్క తీసి దాన్ని రాసుకుంది. కానిస్టేబుల్ భయపడ్డాడు, తన మీద ఫిర్యాదు రాసుకుంటోందని.

కాగితం ముక్కల సంగతి చెప్పాలి. పొడుగాటి మనిషి, కొంచెం వంగిపోయింది. మగవాళ్ల చొక్కా వేసుకునేది, రెండు జేబులున్నది. ఒక జేబులో పెన్సిళ్లు, రెండో జేబులో అగ్గిపెట్టె వెడల్పున కోసుకున్న తెల్లకాగితాలు. ఒక మాటకు ఒక కాగితం. సాయంత్రం కోరుట్లలో తాను అద్దెకున్న మేడమీది గదిలో వాటిని చెప్పుల డబ్బాలో వరుసగా పెట్టేది. ఆ డబ్బా కోసం బజారంతా తిప్పింది నన్ను. అట్టపెట్టెలు చాలానే చూపించాను, వద్దంది. చెప్పుల డబ్బానే కావాలట, నలభై ఏళ్ల అలవాటట. చివరికి షాపువాడు ఖాళీ డబ్బా ఇయ్యనంటే చెప్పులు కొనుక్కుంది. వాటిని రాజవ్వకు ఇచ్చింది. రాజవ్వ గంగారాం భార్య.

కొత్త మాట వినపడితే ఆమె నవ్వేది కాదు, బాగుందనేది కాదు. కళ్లు మూసుకుని చూపుడువేలు పైకెత్తేది. ఆ వేలు దిగేదాకా ఎవరూ కదలకూడదు. వేలు లేచిందంటే రాజవ్వ చేతిలో చుడుతున్న బీడీ కూడా సగంలో ఆగిపోయేది. కోడి ఒక్కటే లెక్కచేసేది కాదు.

దీన్ని ఏమంటారు, దాన్ని ఏమంటారు అని ఆమె ఒక్కనాడూ అడగలేదు. నాకు వింతగా ఉండేది. ఒకరోజు బస్సులో ఎందుకని నిలదీశాను. అడిగితే మనిషి మర్యాదకు ఏదో ఒకటి చెబుతాడు, పనిచేస్తుంటే తన మాట తనకే వస్తుంది, అన్నది. అందుకని గంగారాం చేత వంట చేయించేది. అతను మస్కట్ నుంచి తెచ్చుకున్న కొబ్బరి తురిమే పీట ఒకటుంది. చెక్క పీటకు ముందుకు చాచిన ఇనుప నాలుక. దాని మీద కూర్చుని కొబ్బరి తురుముతూ, చేపలు కడుగుతూ, ఆ ముసలావిడ తనను ఎట్లా సతాయించేదో ఆమె గొంతుతోనే చెప్పేవాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ ముసలావిడ వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టే ఉండేది. మాటలు రికార్డు చేసే మిషను నడుస్తుండేది. ఈమె కింద నేల మీద, అతనికంటే ఒక జానెడు తక్కువ ఎత్తులో కూర్చునేది. కుర్చీ వేస్తే తీసేయించింది.

రాజవ్వకు ఇదంతా పెద్ద తమాషా. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మొగడు పొయ్యి దగ్గర కూర్చోవడం ఆమె చూడలేదు.

"మస్కట్ల అండిపెట్టిండట. గీడ నీళ్లు గూడ ముంచుకోడు," అనేది నాతో, అతనికి వినపడేట్టు. "కొబ్బరికాయ దేవునికి కొడ్తరు గని చాపల కూరల పోస్తరా ఎవలన్న? పోసిండు సూడు. ఇగ గది మనం తినాలె."

"తిను, తిని చూడు," అనేవాడు గంగారాం.

"నువ్వే తిను. నీ రష్యా అవ్వకు పెట్టు."

ఆమె తినేది. ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకుని, ఎవరినో గుర్తు తెచ్చుకుంటున్నట్టు తినేది. తర్వాత తన ఎనామిల్ కప్పులో పాలు లేని చాయ్.

తన సంగతులు ఆమె వరుసగా ఎప్పుడూ చెప్పలేదు. మెట్‌పల్లి దాకా కొంచెం, అక్కడి నుంచి ఊరి దాకా కొంచెం, బస్సు ఎంతసేపైతే అంత చెప్పేది. ఆ భాషను తాను ఎంచుకోలేదట. యూనివర్సిటీలో చేరినప్పుడు గోడమీద జాబితా అంటించారట, తన పేరుకు ఎదురుగా స్వాహిలి అని ఉందట. సరే అనుకుందట. తర్వాత ఇరవై ఏళ్లు ఆ భాష చదివింది, చదివించింది, రేడియోలో ఆ భాషలో వార్తలు చదివింది. కాని ఆ భాష మాట్లాడే దేశానికి పోవడానికి అనుమతి రాలేదు. చిన్న గది, మూసిన తలుపు, ముందు మైకు. మాట్లాడితే జవాబు చెప్పేవాళ్లు లేరు. ఉత్తరాలు వచ్చేవి, అవీ ఆరు నెలలకు. అందుకని ఇంట్లో చాయ్ గిన్నెతో స్వాహిలిలో మాట్లాడేదాన్ని అన్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. భర్త ఉండేవాడట, నాలుగేళ్లు. చెడ్డవాడేం కాదు, వంటింట్లో నేను ఎవరితో మాట్లాడుతున్నానో అని భయపడ్డాడు, అన్నది. అంతే చెప్పింది. ఇంకొకరైతే దానిమీద రెండు గంటలు చెప్పేవాళ్లు.

మొదటిసారి ఆఫ్రికా పోయింది నలభై మూడో ఏట, ఎవరో ఇంజనీర్లకు దుబాసీగా. ఓడరేవులో చేపలమ్మే ఆమెను పలకరించిందట. ఇరవై ఏళ్లు నేర్చుకున్న భాషలో మొదటి మాట. ఆ చేపలామె చుట్టుపక్కలవాళ్లను కేకేసి పిలిచి, వినండి వినండి, ఈమె రేడియో మాట్లాడినట్టు మాట్లాడుతోంది అని పడిపడి నవ్విందట. అవమానంగా అనిపించలేదా అన్నాను. లేదు, ఆ రోజు నుంచే నా పని మొదలైంది, అన్నది. రేడియో మాట కాని మాట ఎవరి దగ్గరుందా అని వెతుక్కుంటూ బయల్దేరిన మనిషి. వెతికి వెతికి గంగారాం పెరట్లోకి వచ్చింది.

నేను ఆమెతో రోజూ వాదించేదాన్ని. పది ఇళ్లవాళ్లు మాట్లాడిన మాట కోసం మూడు దేశాలు తిరగడమేమిటి, ఇక్కడ బతికున్నవాళ్ల మాటే ఎవరూ వినడం లేదు, అన్నాను. నువ్వు ఎన్ని ఇళ్ల మాట మాట్లాడతావు, అని అడిగింది. ప్రశ్న అర్థం కాలేదు. తిరిగి అడిగితే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఒక ఆదివారం ఆమెను సిరిసిల్ల తీసుకెళ్లాను, మా అమ్మ దగ్గరికి. వేములవాడ మీదుగా పోయే బస్సు, గుండ్లు చేయించుకున్న పిల్లాజెల్లాతో నిండి ఉంది. మా నాన్న మగ్గం నేశాడు, తర్వాత సాంచాల మీద పనిచేశాడు. పవర్‌లూమును మా దగ్గర సాంచా అంటారు. మా సందులో ఇప్పటికీ పొద్దంతా సాంచాల చప్పుడే. ఆ చప్పుడులో పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు. పెదవులు పెద్దగా కదిపి, చేతులతో, కనుబొమ్మలతో చెప్పుకుంటారు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, ఎన్నడూ చూడలేదు. ఆమె షెడ్డు గుమ్మంలో నిలబడి వేలెత్తింది. అటు చివర ఉన్నాయన ఇటు చివర ఉన్నాయనకు తన అల్లుడి గురించి మొత్తం చెప్పేదాకా దించలేదు.

ఇంటికి వచ్చాక మా అమ్మ, "ఏంది బిడ్డ, ఈమె మొగోళ్ల అంగి తొడుక్కున్నది? పిల్లలు లేరా పాపం," అని మొదలుపెట్టింది. నేనూ అదే యాసలో జవాబిస్తూ పోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె అన్నది, మీ అమ్మతో నీ నోరు వేరే తీరుగా కదులుతుంది అని. అది ఇంటి మాట, మంచి తెలుగు కాదు అన్నాను. నీకెవరు చెప్పారు, అన్నది.

చెప్పాను. డిగ్రీ మొదటి ఏడాది, నిలబడి ఏదో జవాబు చెబుతూ 'అచ్చిండు' అన్నాను. క్లాసంతా నవ్వింది. లెక్చరరు, ముందు తెలుగు నేర్చుకోమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి నేర్చుకున్నాను. ఇప్పుడు నా తెలుగు విని నాది ఏ జిల్లానో ఎవరూ చెప్పలేరు. ఇది ఆమెకు గర్వంగానే చెప్పాను. ఆమె, బాగా నేర్పారు, అన్నది. మెచ్చుకుందనుకున్నాను.

ఇక్కడి నుంచి రాయడం కష్టం.

సిరిసిల్ల వెళ్లొచ్చిన వారం లోపలే. గంగారాం చేపలు వేయిస్తున్నాడు. కాగిన నూనె చిట్లి చేతి మీద పడింది. అతని నోట్లోంచి ఒక తిట్టు వచ్చింది, ఆ ముసలావిడ తిట్టు. రష్యా ఆమె వేలు లేచింది. లేచి, దిగింది. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. రెండు నెలల్లో ఆమె అలా నవ్వడం అదే మొదలు. ఆ తిట్టు ఏదో పాత నోటుబుక్కులో, పక్కన ప్రశ్నార్థకంతో, తన ఇరవయ్యో ఏట చూసిందట. అలాంటి మాట నిజంగా ఉండేదో లేదో కూడా ఎవరికీ తెలియదట. యాభై ఏళ్ల తర్వాత చేపలు వేయించే మనిషి నోట్లోంచి వచ్చింది. ఈ సంగతి నాకు చాలా తర్వాత చెప్పింది. ఆ పూట గంగారాం చూసింది నవ్వొక్కటే.

బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. ఆమె ముందు నడుస్తోంది. నాతో మెల్లగా అన్నాడు.

"మేడం, నా మాట మోటుగుంటదా? నవ్వుతున్నదామె."

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆమె పెద్ద చదువు చదివిన మనిషి గంగారాం. నువ్వు మాట్లాడేది వంటింటి మాట. కొంచెం మంచిగా మాట్లాడితే ఆమెకూ మర్యాద, మన ఊరికీ మర్యాద."

ఆ భాషలో నాకు మంచేదో చెడేదో ఒక్క అక్షరం తెలియదు. అయినా తీర్పు చెప్పాను. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని మంచి పని చేశాననే అనుకున్నాను.

గంగారాం మాట వినే మనిషి. పంతొమ్మిదేళ్లు ఒకరి మాట విని బతికినవాడు. ఆ రోజు నుంచి పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర కూర్చుని ఫోనులో స్వాహిలి వార్తలు, పాఠాలు పెట్టుకుని వినేవాడట. ఇంటికి చుట్టం వస్తే ఉన్న కంచాలు దాచి పక్కింటి స్టీలు కంచాలు తెచ్చి పెడతాం చూడండి, అదే పని చేశాడు. మూడు వారాలు ఆమెకు పక్కింటి మాటలు వడ్డించాడు. ఆ మూడు వారాలు అతను చాలా మర్యాదగా, ఆచితూచి మాట్లాడాడు. ముసలావిడ గొంతు మళ్లీ రాలేదు. ఆమె వేలు లేవలేదు. కాగితాలు జేబులోనే ఉండిపోయేవి. ఒంట్లో బాగోలేదేమో అనుకుని డాక్టరు దగ్గరికి పోదామా అన్నాను. వద్దంది.

మూడు వారాలు నిండిన రోజు కొబ్బరి పీటను చూపించి అతనితో ఏదో అన్నది. అతను ఏదో అన్నాడు. ఆమె మళ్లీ అన్నది. అతను నా వైపు తిరిగి తెలుగులో, సంతోషంగా చెప్పాడు.

"ఎన్కట గీ పీటకు వేరే పేరు జెప్పినవు గద అంటున్నది మేడం. గది వంటింటి మాట, గిప్పుడు చెప్పేది మంచి మాట అన్న. మంచిగ జెప్పిన్నా?"

ఆమె నన్నే చూస్తోంది, అనువాదం చేస్తానని. చేశాను. నా ఇంగ్లీషు అంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. ఆమె మిషను ఆపేసింది. ఎప్పటి నుంచి అని అడిగితే గంగారాం వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఫోను తీసి తాను విన్నవన్నీ చూపించాడు, హోంవర్కు చూపించినట్టు. ఆమె అవన్నీ ఓపికగా చూసింది.

తర్వాత రెండు రోజులు ప్రయత్నించింది. చేపలు తెప్పించింది, కొబ్బరి తురిమించింది, ముసలావిడను గుర్తు చేసింది. రాలేదు. నోరు తెరిచేవాడు, ఆగేవాడు, ఇది ఏ మాట అని వెతుక్కునేవాడు. బస్సులో నాతో అన్నది, ఇప్పుడు ఆయన తన మాట తానే వింటున్నాడు. ఎవరో ఆయనకు చెప్పారు, అన్నది. నన్ను చూసి అనలేదు. ముందు సీటు కడ్డీని చూస్తూ అన్నది. ఊరందరితో పోట్లాడే నోరు ఇది. ఆ బస్సులో ఎవరో కుట్టేసినట్టు ఉండిపోయింది.

వీసాకు ఇంకా పది రోజులున్నాయి. పని చెడిపోయాక వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. రోజూ అదే బస్సుకు వచ్చేది, మిషను తేకుండా. రాజవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టే తునికాకు సర్దేది, గంగారాంతో మాట్లాడుతుండేది. నాకు పని లేదు. పక్కన కూర్చుని కాలేజీ పేపర్లు దిద్దుకునేదాన్ని. ఒకరిది రష్యా, ఒకరిది ఇబ్రహీంపట్నం, ఇద్దరూ ఎన్నడూ లేని మూడో చోట కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టుండేది. అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. ఆమె అడిగేది, అతను చెప్పేవాడు.

"మిషిని లేకుంటే గీ అవ్వ మంచిగనే నవ్వుతది," అన్నది రాజవ్వ.

ఏడో రోజో ఎనిమిదో రోజో, కల్లం మీద పసుపు ఎండబోస్తూ గంగారాం ఏదో చెబుతున్నాడు, చెబుతూ చెబుతూ ఆ ముసలావిడ గొంతులోకి వెళ్లిపోయాడు. ఆ భాష రాని నాకు కూడా తెలిసింది. ఆమె వేలు లేచింది, కళ్లు మూసుకుంది. నేను గబగబా ఆమె సంచీలో కాగితాల కోసం వెతికాను, నా ఫోనులో రికార్డు చేయనా అన్నాను. ఆమె కళ్లు తెరవకుండానే తెలుగులో, "చాలు," అన్నది.

నాకు ఈ రోజుకీ అర్థం కాదు. దేని కోసం వచ్చిందో అది మళ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంటే, వద్దని ఊరకే వింటూ కూర్చుంది. ఒక్కటి మాత్రం చూశాను. ఆ పది రోజులు ఆమె ఒంటరిగా లేదు. అంతకుముందు ఎన్నేళ్లున్నదో నాకు తెలియదు.

వెళ్లే రోజు కోరుట్ల బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కించాను. చెప్పుల డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఇంగ్లీషులో నువ్వు బాగా పోట్లాడతావు, మీ అమ్మ దగ్గర ఇంకా బాగా పోట్లాడతావు, అన్నది. నేను చేసింది అక్కడైనా చెప్పి ఉండవచ్చు. టికెట్టు జాగ్రత్త అన్నాను.

ఆ మెయిల్ రాసింది ఆమెతో పనిచేసిన ఒకావిడ. అలమరలో కోరుట్ల రికార్డులు రెండు పెట్టెల్లో దొరికాయట. మొదటి పెట్టె మీద గంగారాం పేరు. రెండో పెట్టె మీద ఆమె చేతిరాత: "ఈ మూడు వారాలవి వాడకండి. ఇందులో గంగారాం లేడు. తప్పు నాది." ఏ తప్పో వాళ్లకు తెలియడం లేదు. మీరు అక్కడున్నారు కదా, దయచేసి రాయండి, లేకపోతే ఆమె పద్ధతిలోనే ఏదో లోపముందని రెండు పెట్టెలూ పక్కన పెట్టేయవలసి వస్తుంది, అన్నారు. లోపమట. ఆమె పద్ధతిలో. ఆ మెయిల్‌కు ఏడుసార్లు జవాబు మొదలుపెట్టి చెరిపేశాను.

పోయిన ఆదివారం ఊరికి వెళ్లాను. గంగారాం పసుపు తవ్విన మడిలోంచి వచ్చి, నన్ను చూసి నవ్వాడు. ఆమె పోయిందని చెప్పాను. అతను పైమీది తువ్వాల తీసి దండెం మీద వేసి, తొట్టి దగ్గరికి పోయి, చెంబుతో నెత్తి మీద నీళ్లు పోసుకున్నాడు. ఇంటివాళ్లెవరన్నా పోయిన కబురు వింటే మా దిక్కు చేసే స్నానం అది. రాజవ్వ బీడీల చాట పక్కన పెట్టి లేచింది. తానూ పోసుకుంది. గోడ అవతలి నుంచి ఇద్దరాడవాళ్లు చూస్తున్నారు. వాళ్లు దీన్ని ఏ కథలో కలుపుతారో నాకు తెలుసు. కలుపుకోనీ.

అతను తడి బట్టలతోనే అరుగు మీద కూర్చున్నాక అడిగాను. ఆ పది రోజుల్లో ఆమె ఎన్నడన్నా అడిగిందా, నీకెవరు చెప్పారని.

"అడిగింది," అన్నాడు. "గిట్ల మాట్లాడుమని నీకెవలు జెప్పిండ్రు అని అడిగింది. ఆఖరిసారి మిషిని బంద్ చేసిన తెల్లారి."

"నువ్వేమన్నవ్?"

గంగారాం రాజవ్వ వైపు చూశాడు. మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆమెకు ఏం చెప్పాడో అది చెప్పాడు, ఆ దీవి మాటలో, ముసలావిడ గొంతుతో. చిన్న మాట ఒకటి, పొడుగు మాట ఒకటి, మళ్లీ చిన్నది. అందులో నా పేరు లేదు. కాని అతను నన్ను ఎన్నడూ పేరుతో పిలవలేదు. మేడం అన్న మాట కూడా వినపడలేదు. కాని ఆ భాషలో నన్ను ఏమంటాడో నాకేం తెలుసు?

తెలుగులో చెప్పమన్నాను.

"తెలుగుల మంచిగుండది మేడం."

"మరి ఆమె ఏమన్నది?"

"ఏమనలే. చాయ్ అడిగింది."

ఇంకోసారి చెప్పించుకున్నాను. బస్సులో పెదవులు కదుపుతూ పట్టుకోవాలని చూశాను. మెట్‌పల్లి వచ్చేసరికి మొదటి ముక్క మిగిలింది, కోరుట్లలో దిగేసరికి అదీ లేదు. ఫోనులో రికార్డు చేసి ఆ మెయిల్ రాసినావిడకు పంపితే అర్థం చెబుతుందేమో. కాని వంటింటి మాట అర్థమయ్యేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు, గంగారాం తప్ప?

జవాబు రాస్తాను. తప్పు ఆమెది కాదు, నాది అని నా పేరు పెట్టే రాస్తాను. అది తేలిపోయింది. తేలనిది ఒక్కటే. గంగారాం ఆ రోజు నేనని చెప్పాడా, తప్పు తన మీద వేసుకున్నాడా? ఆ పెట్టె మీద తప్పు నాది అని రాసేటప్పుడు ఆమె నన్ను తెలిసే దాచిందా, తెలియకనే పోయిందా?